కనిపించలేదా, అసలు లేదా? పొగమంచులో లైడార్ తన చూపును తానే ఎలా పరీక్షించుకుంటుంది

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఎర్రుపాలెం, మధిర వైపు తిరిగేవారికి మంచు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మంచు బాగా పట్టిన రోజు ఫజర్‌కు బయటికొస్తే వీధి చివరి దీపం మసకమసకగా ఉంటుంది. పొలాల మధ్య రోడ్డెక్కితే ఎదురొచ్చే ట్రాక్టరు దగ్గరికొచ్చేదాకా తెలియదు. అనుభవమున్న డ్రైవరు అలాంటప్పుడు రోడ్డు మీద ఏముందో చూస్తూనే, తనకు ఎంత దూరం కనిపిస్తోందో కూడా అంచనా వేసుకుంటాడు. నాలుగు కరెంటు స్తంభాలు కనిపించే చోట రెండే కనిపిస్తే వేగం తగ్గిస్తాడు.

మరి డ్రైవరు లేని బండి సంగతేంటి? ఇది అమెరికా కబురు మాత్రమే అనుకోనక్కర్లేదు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ‘టిహాన్’ అనే కేంద్రం ఉంది. తనంతట తాను నడిచే వాహనాలు, డ్రోన్ల మీద అక్కడ పరిశోధన జరుగుతుంది. కేంద్ర ప్రభుత్వం 130 కోట్ల రూపాయలతో మంజూరు చేసిన ఈ కేంద్రంలో పరీక్షా మైదానాన్ని 2022 జూలై 4న ప్రారంభించారు. అక్కడ తయారైన డ్రైవర్ రహిత బస్సులు క్యాంపస్‌లో విద్యార్థులను, సిబ్బందిని ఎక్కించుకుని తిరుగుతున్నాయి. మన పిల్లలు ఎందరో ఉద్యోగాలు చేసుకుంటున్న అబుధాబిలో 2021 చివరి నుంచే యాస్ ద్వీపంలో డ్రైవర్ రహిత టాక్సీల సేవ నడుస్తోంది. ఇలాంటి బండ్లకు ముఖ్యమైన కళ్లలో ఒకటి లైడార్. ఆ కంటికి మసక కమ్మితే, కమ్మిందని దానికి తెలియాలి. తెలియకపోతే ఎదుట ఉన్న మనిషిని కూడా ‘ఖాళీ రోడ్డు’ కింద లెక్కేసే ప్రమాదం ఉంది.

లైడార్ చూసేదెలా?

లైడార్ మన కంటికి కనిపించని లేజర్ వెలుగును చిన్న చిన్న తునకలుగా బయటికి వదులుతుంది. ఆ వెలుగు గోడకో, చెట్టుకో, మనిషికో తగిలి కొంత వెనక్కి వస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్క కడుతుంది. వెలుగు సెకనులో వందకోట్లో వంతు కాలంలో సుమారు 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. 50 మీటర్ల దూరంలోని లారీకి తగిలి తిరిగి రావాలంటే అలాంటి వంతులు 333 పడతాయి. ఈ కొలతను సెకనుకు లక్షలసార్లు, అన్ని దిక్కులా చేస్తే చుట్టూ ఉన్న లోకం చుక్కల బొమ్మలా తయారవుతుంది. కొన్ని ఖరీదైన ఫోన్లలో, ఇల్లు ఊడ్చే రోబోల్లో కూడా చిన్న లైడార్లు ఉంటున్నాయి.

కెమెరాకు బయటి వెలుగు కావాలి. లైడార్ తన వెలుగు తానే తెచ్చుకుంటుంది కాబట్టి చిమ్మచీకట్లో కూడా చూస్తుంది. దాని చిక్కంతా మంచు, వాన, దుమ్ము, పొగ, బురదతోనే.

ఖాళీ జవాబుకు రెండు అర్థాలు

లైడార్ ఒక దిక్కుకు వెలుగు పంపింది, ఏమీ తిరిగి రాలేదు. దీనికి రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఆ దిక్కున నిజంగానే ఏమీ లేదు. రెండోది, ఏదో ఉంది కానీ వెలుగు అక్కడిదాకా పోలేదు, లేదా పోయినా తిరిగి చేరలేదు. యంత్రం దగ్గర ఈ రెండూ ఒకేలా ఉంటాయి. రెండు చోట్లా సున్నాయే.

ఈ తేడా మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. నెల 29వ నాడు మగ్రిబ్ వేళ పడమర వైపు చూస్తాం. ఆకాశం నిర్మలంగా ఉండి నెలవంక కనిపించకపోతే ఒక సంగతి. మబ్బు పట్టి కనిపించకపోతే మరో సంగతి. మబ్బు ఉంటే రూయతె హిలాల్ కమిటీ ఇతర ఊళ్ల నుంచి సాక్ష్యం కోసం చూస్తుంది. ఎక్కడి నుంచీ సాక్ష్యం రాకపోతే నెలను 30 రోజులుగా పూర్తి చేస్తారు. ఈ పద్ధతిలో మూడు మెట్లున్నాయి. ముందు ఆకాశం పరిస్థితి గమనించడం, తర్వాత వేరే సాక్షిని అడగడం, ఏదీ తేలకపోతే ముందే ఖాయం చేసిన నియమాన్ని పాటించడం. లైడార్ విషయంలో ఇంజనీర్లు చేసేదీ దాదాపు ఈ మూడు మెట్ల పనే.

స్టేషన్ మాస్టర్ చూసే గుర్తు

చూపును కొలిచే పద్ధతి రైల్వేలో ఎప్పటినుంచో ఉంది. ఎర్రుపాలెం కాజీపేట–విజయవాడ మార్గంలోని స్టేషను. ఇక్కడి నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల కొత్త లైను వేయడానికి కేంద్ర మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదం తెలిపింది. ఇలాంటి స్టేషన్లన్నిటికీ వర్తించే రైల్వే సాధారణ నిబంధనల్లో ‘విజిబిలిటీ టెస్ట్ ఆబ్జెక్ట్’ అనే మాట ఉంది. స్టేషన్ మాస్టర్ గదికి కనీసం 180 మీటర్ల దూరంలో ఒక గుర్తు పెట్టుకుంటారు. అది స్తంభం కావచ్చు, సిగ్నల్ కావచ్చు, రాత్రయితే దీపం కావచ్చు. అది అక్కడ ఉందని ముందే తెలుసు. కాబట్టి మంచులో అది కనిపించలేదంటే స్తంభం మాయమైందని ఎవరూ అనుకోరు. చూపు తగ్గిందని తెలుసుకుంటారు.

ఆ గుర్తు కనిపించకపోతే మంచు నాటి నియమాలు అమలులోకి వస్తాయి. సిగ్నల్‌కు 270 మీటర్ల ముందు పట్టాల మీద 10 మీటర్ల ఎడంతో రెండు టపాసుల్లాంటి డిటోనేటర్లు పెట్టడం అందులో పాత పద్ధతి. ఇంజను చక్రం ఎక్కగానే అవి పేలతాయి, ముందు సిగ్నల్ ఉందని లోకోపైలట్‌కు తెలుస్తుంది. ఇప్పుడు మంచు ఎక్కువగా ఉండే మార్గాల్లో రాబోయే సిగ్నల్‌ను జీపీఎస్ సాయంతో ముందే చెప్పే పరికరాలు కూడా ఇస్తున్నారు.

ఉందని ఖాయంగా తెలిసినదాన్ని చూడు, అది కనిపించకపోతే నీ చూపును అనుమానించు. లైడార్‌కు నేర్పేది కూడా ఇదే సూత్రం.

మసక ఎక్కడ? అద్దం మీదా, గాలిలోనా?

లైడార్ చూపు రెండు చోట్ల దెబ్బతింటుంది. మొదటిది దాని ముందుండే అద్దం లేదా ప్లాస్టిక్ మూత. ముందుపోయే లారీ చిమ్మిన బురద, ఎండాకాలపు ఎర్రదుమ్ము, పురుగులు, పక్షి రెట్ట, నీటి చుక్కలు దానిమీద అంటుకుంటాయి. రెండోది గాలి. మంచు, వాన, పొగ, దుమ్ము వెలుగును దారిలోనే చెదరగొడతాయి.

రెంటికీ మందు వేరు కాబట్టి తేడా తెలియాలి. మూత మీద బురద ఉంటే నీళ్లు చిమ్మి కడిగితే పోతుంది. గాలిలో మంచు ఉంటే ఎంత కడిగినా లాభం లేదు, వేగం తగ్గించాల్సిందే.

తేడా పట్టే ఒక తేలిక ఉపాయం ఉంది. మూత మీది మరక బండితో పాటే కదులుతుంది. బండి ఎటు తిరిగినా లైడార్‌కు అదే మూలన, అదే కోణంలో చుక్కలు పోతుంటాయి. బయటి చెట్టు, గోడ అలా వెంటరావు, వెనక్కి పోతాయి. మంచయితే ఒక మూలన మాత్రమే ఉండదు, చాలావరకు అన్ని దిక్కులా చూపును తగ్గిస్తుంది.

మరకకు ఇంకో గుర్తు కూడా ఉంది. బురద అంటితే వెలుగు మూత దగ్గరే కొట్టుకుని వెంటనే వెనక్కి వస్తుంది. అంటే సున్నా దూరం నుంచి వచ్చే వెలుగు పెరుగుతుంది, అదే దిక్కున దూరం నుంచి రావలసినది తగ్గుతుంది. ఈ రెండూ కలిసి జరిగితే మూతను అనుమానించవచ్చు. అయితే నూనె పొర, పలుచని నీటి పొర లాంటివి వెలుగును వెనక్కి కొట్టకుండా పక్కకు వంచేస్తాయి. అప్పుడు దగ్గరి గుర్తు రాదు, దూరపు చూపు మాత్రం పోతుంది. అందుకే ఒక్క పరీక్షతో సరిపెట్టరు.

మంచును పసిగట్టే గుర్తులు

*మొదటిది రోడ్డే.* బండి పైకప్పు మీద 1.8 మీటర్ల ఎత్తున లైడార్ ఉందనుకుందాం. 10 డిగ్రీలు కిందికి వంచిన కిరణం సమతలంగా ఉన్న రోడ్డును సుమారు 10 మీటర్ల దగ్గర తాకుతుంది. 5 డిగ్రీలది 20 మీటర్ల దగ్గర, 2 డిగ్రీలది 50 మీటర్ల దగ్గర తాకుతుంది. మనుషులు, బండ్లు ఉన్నా లేకపోయినా రోడ్డయితే ఉండి తీరాలి. మంచు పెరిగేకొద్దీ ముందు 50 మీటర్ల వలయం చెదిరిపోతుంది, తర్వాత 20 మీటర్లది. ఎక్కడిదాకా రోడ్డు కనిపిస్తోందో అక్కడిదాకా చూపు ఉన్నట్టు లెక్క. స్టేషన్ మాస్టర్ స్తంభం పని ఇక్కడ రోడ్డు చేస్తుంది. కానీ ఒక మెలిక ఉంది. వాన కురిసి మెరిసే నల్లటి తారు రోడ్డు అద్దంలా వెలుగును ముందుకే తోసేస్తుంది. గాలి శుభ్రంగా ఉన్నా రోడ్డు ‘కనిపించదు’. కాబట్టి రోడ్డు ఒక సాక్షి మాత్రమే.

*రెండోది తిరిగొచ్చిన వెలుగు తీరు.* గోడకు రాయి తగిలితే ఠక్కుమంటుంది, ఇసుకలో పడితే ఆ చప్పుడు రాదు. అలాగే గట్టి వస్తువు నుంచి వచ్చే వెలుగు ఒక్కసారిగా పెరిగి ఒక్కసారిగా తగ్గుతుంది. మంచు నుంచి వచ్చేది మెత్తగా, సాగినట్టుగా ఉంటుంది. ఎందుకంటే అది ఒక్క చోట నుంచి కాక, దారి పొడవునా ఉన్న లెక్కలేనన్ని నీటి తుంపరల నుంచి వస్తుంది. చాలా లైడార్లు ఒకే కిరణానికి రెండు మూడు జవాబులను గుర్తుపెట్టుకోగలవు. మొదటి జవాబు మంచుదైనా, చివరిది వెనకున్న లారీది కావచ్చు.

*మూడోది నిలకడ.* లైడార్ చుట్టుపక్కలను సెకనుకు 10 సార్లో ఆపైనో చూస్తుంది. గోడ ప్రతిసారీ అక్కడే ఉంటుంది. మంచు, వాన చుక్కలు ఒకసారి ఇక్కడ, మరోసారి అక్కడ మెరుస్తాయి. బండికి నాలుగైదు మీటర్ల లోపు బలహీనమైన, నిలకడలేని చుక్కలు ఒక్కసారిగా పెరిగాయంటే గాలిలో ఏదో ఉందన్నమాట.

*నాలుగోది వేరే సాక్ష్యం.* రాడార్ వాడే రేడియో తరంగాలు మంచు తుంపరల కంటే చాలా పెద్దవి కాబట్టి పొగమంచును సులువుగా దాటిపోతాయి. రాడార్ ‘60 మీటర్ల దగ్గర బండి ఉంది’ అంటూ, లైడార్ ‘అక్కడ ఖాళీ’ అంటుంటే లైడార్ మాటకు విలువ తగ్గించాలి. రాడార్‌కు మనిషి రూపం, రోడ్డు అంచు లాంటి వివరాలు అంత స్పష్టంగా అందవు కాబట్టి దానిమీదే పూర్తిగా ఆధారపడలేం. అందుకే ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలి.

వీటన్నిటినీ కలిపి తీర్పు చెప్పడానికి ఇప్పుడు కృత్రిమ మేధను కూడా వాడుతున్నారు. ఫ్రాన్స్‌లో సెరెమా అనే ప్రభుత్వ సంస్థకు కృత్రిమంగా మంచు, వాన పుట్టించే పరీక్షా గది ఉంది. ఉత్తర ఐరోపాలో 10,000 కిలోమీటర్లకు పైగా తిరిగి మంచు, వాన, హిమపాతంలో సేకరించిన సమాచారాన్ని పరిశోధకులు 2020లో బయటపెట్టారు. మంచి పనే. కానీ మన దగ్గర చూపును తగ్గించేది మంచొక్కటే అయితేగా! ఖమ్మం గ్రానైట్ దుమ్ము, కొత్తగూడెం, సత్తుపల్లి దారుల్లో బొగ్గు టిప్పర్లు లేపే ధూళి, కోతలయ్యాక పొలాల్లో మంట పెట్టిన పొగ... ఇవేవీ ఐరోపా రోడ్ల మీద నేర్చుకున్న యంత్రానికి పరిచయం ఉండవు. కాబట్టి ఇక్కడ తిరిగే బండికి పరీక్ష కూడా ఇక్కడే జరగాలి.

ఎంత తగ్గింది?

మన వాతావరణ శాఖ లెక్కలో చూపు 1,000 మీటర్ల లోపుకు తగ్గితే పొగమంచు. 200 మీటర్ల లోపయితే దట్టమైనది, 50 మీటర్ల లోపయితే అతి దట్టమైనది.

‘50 మీటర్ల చూపు’ అంటే లైడార్ కూడా 50 మీటర్ల దాకా హాయిగా చూస్తుందనుకుంటే పొరపాటే. పరికరాలతో కొలిచేటప్పుడు చూపు దూరానికి ఒక నిర్వచనం ఉంది. వంద వంతుల వెలుగు పంపితే ఎంత దూరంలో 5 వంతులే మిగులుతాయో అదే చూపు దూరం. లైడార్ వెలుగు అంత దూరం వెళ్లాలి, మళ్లీ అంత దూరం రావాలి. పోయేటప్పుడు నూటికి 5 మిగిలితే, వచ్చేటప్పుడు ఆ 5లో మళ్లీ నూటికి 5 మాత్రమే మిగులుతుంది. అంటే మంచు లేనప్పుడు వచ్చేదానిలో 400వ వంతు.

పైగా అన్ని వస్తువులూ ఒకేలా వెలుగును తిప్పి పంపవు. మెరిసే నంబర్ ప్లేటు ఎక్కువగా పంపుతుంది. వెలుగును పీల్చుకునే దుప్పటి కప్పుకుని రోడ్డు పక్కన నడిచే పెద్దాయన నుంచి వచ్చేది చాలా తక్కువ. నంబర్ ప్లేటు 80 మీటర్లకు కనిపించింది కాబట్టి మనిషి కూడా అంత దూరంలో కనిపిస్తాడని యంత్రం అనుకోకూడదు. చూపు దూరాన్ని లెక్కించేటప్పుడు తక్కువ వెలుగు పంపేవారినే కొలమానంగా పెట్టుకోవాలి.

పసిగట్టాక ఏం చేయాలి?

కనిపిస్తున్న దూరంలోనే ఆగగలిగేంత వేగంతో వెళ్లాలి. మామూలు లెక్క ఒకటి చూద్దాం. బ్రేకు వేయాలని తెలిసి, పడేసరికి ఒక సెకను పడుతుందనీ, పొడి రోడ్డు మీద బ్రేకు బాగా పట్టుతుందనీ అనుకుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఆగడానికి సుమారు 24 మీటర్లు కావాలి. 60లో సుమారు 45 మీటర్లు, 80లో 70 మీటర్ల పైనే. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. చూపు 30 మీటర్లకు పడిపోయినప్పుడు 60లో పోతున్నామంటే, ఆగలేమని తెలిసే పోతున్నట్టు. మంచు కమ్మినప్పుడు అబుధాబి ప్రధాన రహదారుల మీద ఎలక్ట్రానిక్ బోర్డులు వేగ పరిమితిని 80కి తగ్గించేది ఇందుకే.

మరీ కనిపించకపోతే బండి ఆగాలి. కానీ ఎక్కడ? 2023 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దట్టమైన మంచు పట్టినప్పుడు వేమో సంస్థ డ్రైవర్ రహిత కార్లు ఐదు ఒకే వీధిలో ఆగిపోయాయి. వెనకొచ్చే వాహనాలకు దారి లేకుండా పోయింది. కనిపించడం లేదని అవి గుర్తించడం మంచిదే. కానీ నడివీధిలో ఆగిన బండి మంచులో వెనకొచ్చేవాడికి ప్రమాదమే. కాబట్టి చూపు పూర్తిగా పోకముందే, ఇంకా కొంత కనిపిస్తుండగానే పక్కకు తప్పుకునే చోటు వెతుక్కోవాలి. మంచును తొందరగా పసిగట్టడం వల్ల అసలు లాభం అదే.

అతి అనుమానం కూడా పనికిరాదు. ముందు బండి సైలెన్సర్ నుంచి వచ్చిన ఆవిరిని గోడ అనుకుని ఉన్నట్టుండి బ్రేకు వేస్తే వెనకున్న బైకు వచ్చి గుద్దుకుంటుంది. ఉన్న మనిషిని లేడనడం, లేని గోడను ఉందనడం, ఈ రెండు తప్పులనూ తగ్గించడమే ఈ పనిలో కష్టం.

ఒకరికి అడ్డు, మరొకరికి ఆధారం

కారుకు చిరాకు తెప్పించే ఈ చెదిరిన వెలుగునే శాస్త్రవేత్తలు కోరి కొలుస్తారు. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. జపాన్ సహకారంతో 1998లో అక్కడ లైడార్ ఏర్పాటైంది. అది ఆకాశంలోకి లేజర్ పంపి, ధూళి కణాలు, పలుచని మేఘాలు చెదరగొట్టి పంపిన వెలుగును బట్టి ఏ ఎత్తున ఏముందో తెలుసుకుంటుంది. విమానాశ్రయాల్లో మేఘం ఎత్తు కొలిచే పరికరాలదీ ఇదే పద్ధతి. రన్‌వే మీద చూపు దూరం కొలవడానికి బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ ‘దృష్టి’ అనే పరికరాన్ని తయారుచేసింది. గాలిలో ఏముందో చదివే ఈ విద్యే రోడ్డు మీది లైడార్‌కూ అక్కరకొస్తుంది.

మన ఇంటి కారు సంగతి

మన మార్కెట్లో డ్రైవరుకు సాయం చేసే ‘అడాస్’ ఉన్న కార్లలో ఎక్కువగా ఉండేవి కెమెరా, రాడార్. కానీ చూపు తగ్గే బాధ వాటికీ ఉంది. ఇంట్లో అలాంటి కారు ఉంటే ఈ సంగతులు గుర్తుంచుకోండి:

– ముందు అద్దం మీద కెమెరా ఉన్న చోటును, బంపర్‌లో రాడార్ ఉన్న చోటును మెత్తటి గుడ్డతో శుభ్రంగా ఉంచండి. వాటికి అడ్డంగా స్టిక్కర్లు, అదనపు గార్డులు బిగించొద్దు. నిఖాకు కారును పూలతో అలంకరించినప్పుడు ఆ రెండు చోట్లను వదిలేయండి.

– ‘సెన్సర్ బ్లాక్ అయింది’ అనే హెచ్చరిక వస్తే తనంతట తాను బ్రేకు వేసే సదుపాయం ఆగిపోయి ఉండొచ్చు. చూసీచూడనట్టు వదిలేయకండి. పక్కకు ఆపి తుడవండి.

– హెచ్చరిక రాలేదు కాబట్టి కారుకు అన్నీ కనిపిస్తున్నాయని అనుకోవద్దు. మంచులో మీకు కనిపించినంత దూరాన్నే నమ్మి నడపండి. హైబీమ్ వేస్తే మంచు తెరలా మెరిసి చూపు ఇంకా తగ్గుతుంది. లోబీమ్ వాడండి.

– ట్రాక్టరు ట్రాలీకి, ఎడ్లబండికి, సైకిలుకు వెనక మెరిసే టేపు అంటించండి. ఖర్చు తక్కువ. మనిషి కంటికీ, కెమెరాకూ, లైడార్‌కూ దూరం నుంచే పట్టుబడుతుంది.

– తెల్లవారుజామున మదర్సాకో, ట్యూషన్‌కో పోయే పిల్లలకు లేత రంగు బట్టలు వేయండి, చేతికి టార్చి ఇవ్వండి. ఎదురొచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడి పక్కన నడవమని చెప్పండి.

రేపు డ్రైవర్ లేని బండి ఏదైనా మన ఊరి రోడ్డుకు వస్తే, తయారుచేసినవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఇది ఎంత దూరం చూస్తుంది?’ అని కాదు. మంచూ దుమ్మూ కమ్మి చూపు పోయినప్పుడు ఆ సంగతి దానికి ఎంత తొందరగా తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తుంది అని. దానికి సూటిగా జవాబు చెప్పి, మన రోడ్ల మీద, మన చలికాలంలో నిరూపించి చూపాకే మన పిల్లలను అందులో ఎక్కించాలి.